బిల్లు లేని స్నానాలగది

ఆ వీధిలో దుప్పట్లక్క అంటే చాలు, చిన్నపిల్లలైనా వేలు పెట్టి లాండ్రీ చూపిస్తారు. ఆస్పత్రి వెనక గేటుకు ఎదురుగా ఉన్న వరుసలో మూడో దుకాణం ఆమెది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో బట్టలుతికే యంత్రాలు రెండు. ఒకటి గుట్టుగా తన పని తాను చేసుకుపోతుంది. రెండోది చివరి చుట్లకు వచ్చేసరికి గోడలు అదిరేట్టు చిందులు తొక్కుతూ, కాళ్ళు వచ్చినట్టు గుమ్మందాకా నడిచి వస్తుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు "మా అత్తగారు." అసలు అత్తగారు వచ్చి దుకాణంలో కూర్చున్న రోజుల్లో మాత్రం దాన్ని మర్యాదగా "పాత మిషను" అంటుంది.

దుప్పటి మడత పెట్టడానికి ఆమెకు రెండో మనిషి అక్కరలేదు. ఒక అంచును గడ్డం కింద బిగించి, చేతులు బారచాపి, మూలకు మూల కలిపి, పొట్టకు ఆనించి ఒక్క దులుపు దులిపితే అది పుస్తకంలా ముడుచుకుంటుంది. మరకను చూసి అది టీదో, టానిక్కుదో, అయోడిన్‌దో చెప్పగలదు. ఎవరిదని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆస్పత్రి ఎదుట బతికేవాళ్ళకు అడగకూడని సంగతులు తెలిసి ఉండాలని ఆమె నమ్మకం.

రోగులకు తోడు వచ్చినవాళ్ళు బట్టలు తీసుకుపోతూ, "ఇక్కడెక్కడైనా నాలుగు రోజులు తల దాచుకోను గది దొరుకుతుందా అక్కా?" అని అడిగేవాళ్ళు. అడగ్గా అడగ్గా ఆమెకు ఆలోచన తట్టింది. లాండ్రీ వెనక సందులో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు, కూడబెట్టినదీ, ఒంటిమీది బంగారమూ, బ్యాంకు అప్పూ కలిపి దాన్ని కొన్నది. భర్త సిటీ బస్సు డ్రైవరు. "మనమే అద్దె కొంపలో ఉంటూ, ఊరివాళ్ళకు ఇల్లు అద్దెకిస్తావా?" అని నవ్వాడు.

"మనమే అందులో ఉంటే అద్దె ఎవరిస్తారు? మీరిస్తారా?" అన్నదామె. చర్చ అంతటితో ముగిసింది.

ఆ ఇల్లు నెల అద్దెకు కాదు, రోజు అద్దెకు. మొదట నోటిమాట మీద నడిచింది. తరవాత ఫోనులో గదులు చూపించే యాప్‌లోకి ఎక్కింది. తాళంచెవి లాండ్రీలో, క్యాలెండరు పక్క మేకుకు వేలాడేది. చేతిలో డబ్బు ఆడనివాళ్ళు వస్తే ఆమె తిప్పి పంపేది కాదు. ఎలక్ట్రీషియను ఫ్యాన్లు బాగుచేసి రెండు రోజులు ఉన్నాడు. వడ్రంగి తలుపులు చిత్రిక పట్టి తల్లి ఆపరేషను అయ్యేదాకా ఉన్నాడు. "అటు పని, ఇటు గది. మధ్యలో డబ్బుకేం పని?" అనేది ఆమె. ఈ పద్ధతి ఆమెకు ఎంత సహజమైపోయిందంటే, దానిలో ఒక చిక్కు ఉండగలదని ఇల్లు అమ్మకానికి పెట్టేదాకా తోచలేదు.

అమ్మకానికి పెట్టవలసి వచ్చింది దుకాణం కోసం. ఇల్లు ఆమెదే గాని, లాండ్రీ ఉన్న దుకాణం ఆమెది కాదు. దాని యజమాని, పైనే కాపురముండే పెద్దాయన, ఒక ఉదయం ఇస్త్రీ చొక్కా కోసం వచ్చి బల్ల మీద మోచేతులు ఆన్చాడు.

"దుకాణం అమ్మేద్దామనుకుంటున్నానమ్మా. మెట్లెక్కి దిగలేకపోతున్నా. మందుల షాపువాడు పొద్దున్నా సాయంత్రం ఫోన్లే. కానీ ఇన్నేళ్ళున్నదానివి, ముందు నిన్నడగాలి కదా. వానలు వెనకబట్టేదాకా ఆగుతాను. ఆపైన నన్ననకు."

మందుల షాపువాడు కొంటే ఆమె ఖాళీ చేయవలసిందే. వేరే వీధికి పోతే? ఆ రాత్రి అన్నం దగ్గర భర్త తేల్చి చెప్పాడు. "ఆస్పత్రి గేటు ఎదుట లేని లాండ్రీ, స్టాపు లేనిచోట ఆగిన బస్సు. ఎక్కేవాడెవడు?" పాత దుకాణానికి ప్లాను కాగితం సరిగా లేదని బ్యాంకు అప్పివ్వనన్నది. మిగిలినది సందులోని ఇల్లు. దాన్ని క్లినిక్ చేసుకుంటానని ఒక పళ్ళ డాక్టరు ఏడాదిగా అడుగుతున్నాడు; మంచి ధరే చెప్పాడు. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరిపోయింది. డాక్టరు ఇచ్చేదానితో దుకాణం కొనవచ్చు, పైగా అత్తగారి స్థానంలో కొత్త యంత్రం కూడా తేవచ్చు అని ఆమె లెక్క వేసుకున్నది. ఆ లెక్కలో ఒక వాటాదారుణ్ణి మరిచిపోయింది.

ఆ సంగతి గుర్తుచేసింది ఆడిటరమ్మ.

ఆడిటరమ్మ ఆఫీసు టైర్ల దుకాణం పైన. మెట్ల మీద రబ్బరు వాసన, గదిలో కాగితాల వాసన. బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క. ఆమె యాభై దాటిన మనిషి, మాట కటువు, మనసు కాదు. దుప్పట్లక్క పన్ను కాగితాలన్నీ మొదటినుంచీ ఆమే చూస్తున్నది.

"ఎంతకి కొన్నావు, ఎంతకి అమ్ముతున్నావు, మధ్యలో మిగిలింది లాభం. దాని మీద పన్ను. చాలా ఏళ్ళు నీ చేతిలో ఉంది కాబట్టి రేటు కాస్త తక్కువే. ఇంతవరకు అర్థమైందా?"

"అయింది మేడమ్. కొన్న ధర దస్తావేజులో ఉంది."

"అదొక్కటే కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు, మధ్యవర్తి కమీషను, తరవాత ఇంటికి కొత్తగా కలిపినవి, ఇవన్నీ కొన్న ధరలోకి చేరతాయి. చేరినకొద్దీ లాభం తగ్గుతుంది."

డ్రైవరు ముందుకు జరిగాడు. "అయితే ఏటేటా వేయించిన రంగులు రాసుకోండి మేడమ్. ఫ్యాన్లు, కుళాయిలు..."

"అవి మరమ్మతులయ్యా. ఏ ఏడుకా ఏడు అద్దెలోంచి తీసేశాం. తిన్న కూడే మళ్ళీ తింటావా?" అని, ఆడిటరమ్మ కళ్ళద్దాలు సవరించుకున్నది. "ఇక తరుగు. అద్దెకిచ్చే ఇల్లు ఏటా కొంత అరిగినట్టు లెక్క చూపించాం. దానివల్ల ఏటా నీకు పన్ను తగ్గింది. గుర్తుందా?"

గుర్తుంది. తరుగు అనే మాట మొదట విన్నప్పుడు దుప్పట్లక్క ఎంతో సంబరపడింది. ఉతికినకొద్దీ పలచబడే దుప్పటిలాగే ఇల్లు కూడా అరుగుతుందని, ఆ అరుగుదలకు ప్రభుత్వం లెక్క కడుతుందని తెలిసి, చట్టం చేసినవాళ్ళలో ఎవరో ఇల్లు తుడిచి చూసినవాళ్ళు ఉండి ఉంటారనుకున్నది.

"అమ్మే రోజున ఆ తరుగంతా వెనక్కి వస్తుంది," అన్నది ఆడిటరమ్మ. "కొన్న ధరలోంచి అంత తీసేయాలి. అంటే లాభం అంత పెరుగుతుంది."

"ఇల్లు అరిగిపోయిందని ఏటా నేనే సంతకం పెట్టాను. ఇప్పుడు పెరిగిందనీ నేనే పెట్టాలా?"

"రెండూ నిజమే కదమ్మా. గచ్చు అరిగింది. ధర పెరిగింది."

దుప్పట్లక్కకు తన దుప్పట్లు గుర్తొచ్చాయి. దుప్పటి అరిగితే చిరుగుతుంది, దాన్ని కొనేవాడుండడు. ఇల్లు మాత్రం ఒక చేత్తో అరుగుతూ ఇంకో చేత్తో పెరుగుతుంది. ఇన్నేళ్ళూ రెండింటినీ ఒకే తీరున దులిపి సర్దిందిగాని, అవి వేర్వేరు జాతులని ఆమెకు తెలియదు.

"ఆ ఇంట్లో మీరెప్పుడైనా కాపురమున్నారా?" అని ఆడిటరమ్మ అడిగింది. "ఉన్నట్టయితే కొంత మినహాయింపు దొరుకుతుంది."

"ఉన్నట్టే లెండి," అని డ్రైవరు మొదలుపెట్టాడు. "మా ఆవిడ సగం రోజు అక్కడే..."

"లేదు మేడమ్," అన్నది భార్య. "ఒక్క పూట కూడా లేం. దుప్పట్లు మార్చడానికి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని."

డ్రైవరు బ్రేకు వేసినట్టు ఆగి, ఇంకో దారి పట్టాడు. "మరి ఈ డబ్బు మేం తిని కూర్చోవట్లేదు కదా? దుకాణం కొంటున్నాం."

"ఇల్లు అమ్మి ఇల్లు కొంటే చట్టం కొంచెం కనికరిస్తుంది. ఇల్లు అమ్మి దుకాణం కొంటే మొహం తిప్పుకుంటుంది. నేనేం చెయ్యను?"

లెక్క తేలింది. పన్ను పోను మిగిలేదానితో కొత్త యంత్రం మాట దేవుడెరుగు, దుకాణం ధరలోనే ఇరవయ్యో వంతు తక్కువ పడుతున్నది. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆడిటరమ్మ ఫైలు ముయ్యబోయి, యాప్‌లోని ఇంటి ఫోటోలు మరోసారి తిప్పింది.

"ఈ స్నానాలగది కొత్తది కదూ? ఈ వాలుదారి, గోడకి కడ్డీలు? ఇవి మరమ్మతులు కాదు, కొత్తగా కలిపినవి. వీటి లెక్క నాకెప్పుడూ ఇవ్వలేదే?"

"టైల్సు, సిమెంటు, పైపుల బిల్లులు ఉన్నాయి మేడమ్. దాచాను."

"కూలి?"

"కూలి ఇవ్వలేదు."

"ఊరికే కట్టిపోయాడా?"

"ఊరికే ఎందుకు కడతాడు మేడమ్? వాళ్ళు మా ఇంట్లో ఉన్నారు."

ఆడిటరమ్మ పెన్ను బల్లమీద పెట్టింది. "అంటే నువ్వు అద్దె తీసుకోలేదు, అతనికి కూలి ఇవ్వలేదు."

"అంతే. చెల్లుకు చెల్లు."

"మీ ఇద్దరికీ చెల్లు. కాగితం మీద మాత్రం ఆ అద్దె రాలేదు, ఆ కూలి పోలేదు, ఆ గది కట్టనే లేదు. ఆ కూలి పెద్ద ఖర్చమ్మా. పాత గోడ పడగొట్టి, మురుగు మార్చి, గది పెంచి... అది లెక్కలోకి వస్తే నీ దుకాణం నీకు దక్కేది."

ఇంటికి వెళ్ళే దారిలో డ్రైవరు అన్నాడు. "రసమట్టం బాబాయినడిగి ఒక బిల్లు రాయించుకో. పాత తేదీ వేసి. పని చేసినమాట నిజమే కదా? నిజం పనికి బిల్లు అబద్ధమెట్లా అవుతుంది?"

 ఆ మాటలో ఏదో తప్పుందని ఆమెకు తెలుస్తున్నది. ఏమిటో చూపించమంటే చూపించలేదు. మరక కనిపించకుండా వాసన మాత్రం వచ్చే దుప్పటిలాంటి మాట అది.

రసమట్టం బాబాయి తాపీ మేస్త్రీ. లోపల గాజుగొట్టంలో నీటిబుడగ ఆడే మట్టపు బద్ద, అదే రసమట్టం, అతని చంకలో ఎప్పుడూ ఉంటుంది. గోడ మీదనే కాదు, టీకొట్టు బల్లమీదా, మనవడి చదువుల బల్లమీదా పెట్టి చూసి, "వేలెడు వాలింది" అని పెదవి విరుస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా పెట్టి చూశాడని భార్య అందరికీ చెప్పేది. "నన్ను కాదు, నేను కూర్చున్న కుర్చీని," అని చేర్చేది నవ్వుతూ.

ఆ భార్యను దుప్పట్లక్క పిన్ని అనేది. మూడు వారాలకోసారి ఆస్పత్రిలో మందు ఎక్కించేవాళ్ళు. ఎక్కించిన తరవాత ఎనిమిది, తొమ్మిది రోజులు దగ్గరలోనే ఉండమనేవాళ్ళు. ఏడాది పొడుగునా అట్లా వచ్చి వెళ్ళారు. రెండోసారి వచ్చినప్పుడు పాత స్నానాలగది గడప తగిలి పిన్ని పడింది. దెబ్బ పెద్దది కాదు. మేస్త్రీ మాత్రం ఆ గడప ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. "ఊరందరికీ మట్టం చూసిపెడతాను. నా పెళ్ళాం కాలు పెట్టేచోట చూసుకోలేకపోయాను," అన్నాడు. ఆ మర్నాడే గడప పగలగొట్టాడు. వచ్చినప్పుడల్లా, పిన్ని పడుకున్న గంటల్లో, కొంచెం కొంచెంగా గది మొత్తం మార్చేశాడు. గడప లేదు, జారని గచ్చు, వీధినుంచి చక్రాల కుర్చీ వచ్చే వాలుదారి, గోడకు మూడు స్టీలు కడ్డీలు. కడ్డీల ఎత్తు పిన్ని మోచేతికి కొలిచి పెట్టాడు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఉన్న రోగులంతా ఆ ఎత్తులోనే చెయ్యి వేశారు.

దుప్పట్లక్క వెళ్ళేసరికి మేస్త్రీ ఒక చిన్నపిల్లల బడికి ప్రహరీ కడుతున్నాడు. ఈ చివర మేకుకూ ఆ చివర మేకుకూ దారం లాగి ఉంది. ఆయన తాపీతో ఇటుక అంచున మిగిలిన సున్నం గీస్తూ, తల తిప్పకుండానే అన్నాడు.

"ఏమ్మా అమ్మాయ్, దుప్పట్లు ఆరేసుకోడానికి నా దారమే దొరికిందా?"

"నీ దారానికి ఆరేస్తే నా దుప్పట్లన్నీ మట్టంగా ఆరతాయి బాబాయ్," అని ఆమె ఇటుకల దొంతర మీద కూర్చుని, సంగతంతా చెప్పింది.

ఆయన విని తేలిగ్గా నవ్వాడు. "దానికింత మొహం వేలాడేసుకుని వచ్చావా? ఎంతకి రాయాలో చెప్పు, రాసేస్తా. పాత పుస్తకమొకటి ఉంది. ఎంతిచ్చావని రాయమంటావ్?"

"నువ్వే చెప్పు."

"నువ్వు నాకిచ్చినట్టు రాయాలి కదా? ఫలానా పనికి, ఫలానా అమ్మాయి దగ్గర, ఇంత డబ్బు... ముట్టింది..." ఆయన వాక్యం కడుతూ కడుతూ ఆగిపోయాడు. చేతిలో ఇటుక తిరగేసి చూశాడు. మళ్ళీ బోర్లించాడు.

"ఏంటి బాబాయ్?"

"డబ్బు ముట్టిందని రాస్తే, నేను కూలి తీసుకున్నట్టు."

"ఊఁ."

"కూలి నేను జేబులో వేసుకుంటే, మరి మీ పిన్ని అన్ని రోజులూ ఆ ఇంట్లో ఎట్లా ఉన్నట్టు?"

ఆమె దొంతర మీదనుంచి లేచి నిలబడింది.

"ఊరికే ఉన్నట్టేగా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "నువ్వు జాలిపడి ఉంచినట్టు. నేను ఒక పక్క కూలి తీసుకుంటూ, ఇంకో పక్క పెళ్ళాన్ని ధర్మసత్రంలో పెట్టినట్టు. కాగితం అట్లా చెబుతుందా, చెప్పదా?"

"చెబుతుంది బాబాయ్."

"ఆమె ఆ మంచం మీద పడుకుని, నేను గచ్చు రుద్దుతుంటే చూసేది. ‘ఇవాళ్టి అద్దె అయిపోయింది, ఇక లేవండి’ అనేది. నా పెళ్ళాం నా కష్టం మీద ఉందమ్మా అక్కడ. ఆ మాట తీసెయ్యమంటే..." ఆయన ఇటుక దొంతరలో పెట్టేశాడు. "వేరే ఏదైనా దారుంటే చూడు. ఎక్కడికి రమ్మన్నా వస్తా. ఇది మాత్రం నావల్ల కాదు."

నిన్నటినుంచి వెతుకుతున్న మరక ఎక్కడుందో దుప్పట్లక్కకు అప్పుడు కనిపించింది. తప్పు ఉన్నది పాత తేదీ వెయ్యడంలో మాత్రమే కాదు. తేదీ ఒక్కటే అబద్ధమయినట్టయితే బహుశా ఆమె కూడా కళ్ళు మూసుకునేదేమో. ఆ బిల్లు చెరిపేసేది ఒక మనిషి ఇచ్చుకున్న అద్దెను. దుకాణం కావాలి, ఆ గేటు ఎదుటే కావాలి. కానీ పిన్నిని సత్రంలో పెట్టి కొనే దుకాణంలో తాను ఏ ముఖంతో దుప్పట్లు మడతపెడుతుంది?

మళ్ళీ ఆడిటరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు మేస్త్రీ కూడా వెంట వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ దుప్పట్లక్కది. ఒళ్ళో భార్య ఆస్పత్రి ఫైలు. మెట్లెక్కుతూనే, "ఇటువంటి ఆఫీసుల మెట్లెక్కిన మొహం కాదు నాది. నోరు జారితే గిల్లు," అన్నాడు.

కూర్చోగానే అరచెయ్యి బల్లమీద ఆన్చాడు. "అమ్మగారూ, మీ బల్ల వాలింది."

"తెలుసు. కింద అట్టముక్క పెట్టాను."

"అట్ట తడిస్తే దిగిపోతుంది."

"ముందు ఈమె లెక్క దిగకుండా చూద్దాం," అని ఆడిటరమ్మ అంతా విన్నది. అబద్ధపు బిల్లు వద్దనుకున్న సంగతి విన్నప్పుడు తల ఊపింది, అంతే, పొగడలేదు. తరవాత నిదానంగా చెప్పింది.

"దారి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పడమే. ఆ ఏడాది నీకు అద్దె వచ్చింది, డబ్బుగా కాదు, పనిగా. దాన్ని ఆ ఏడాది ఆదాయంలో ఇప్పుడైనా చూపించి, ఆలస్యానికి వడ్డీతో సహా పన్ను కట్టు. అప్పుడు అంతే విలువ నువ్వు కూలిగా ఇచ్చినట్టవుతుంది. అది ఇంటి ఖర్చులో చేరుతుంది. దాని మీద మనం తరుగు కూడా ఎప్పుడూ తీసుకోలేదు."

"ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకుంటే నాకు మిగిలేదేంటి మేడమ్?"

"మామూలుగా అయితే పెద్దగా మిగలదు. కానీ ఆ ఏడు నీ మణికట్టు విరిగి లాండ్రీ సగం రోజులు మూసేశావు. ఆదాయం అంతంతమాత్రం. కాబట్టి ఈ అద్దె కలిపినా దానిమీద పన్ను చిన్నదే. ఇప్పుడు తగ్గే పన్ను అంతకంటే పెద్దది. తేడా కొండంత ఉండదు. నీ లోటుకి సరిపోవచ్చు. ఆఫీసువాళ్ళు ప్రశ్నలు అడగొచ్చు, రుజువు ఏదన్నా అడగొచ్చు. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను."

"మరి నాకు?" అన్నాడు మేస్త్రీ.

"నీకది కూలి ఆదాయం. ఆ ఏడాది వేరే పని ఏమన్నా చేశావా?"

"ఆమెను వదిలి ఎక్కడికి పోతానమ్మా?"

"అయితే ఇది కలిపినా పన్ను పడే గీత దాటవు. కాగితం వెయ్యాలి, అంతే. వేస్తావా?"

"వేస్తా."

"ఇక ఆ రాత్రుల అద్దె ఎంత? ఇద్దరూ ఒక మాట చెప్పండి."

దుప్పట్లక్క ముందుగా అందుకున్నది. "సగం రేటు వెయ్యండి మేడమ్. వాళ్ళు గ్యాసు కూడా సరిగా వాడలేదు."

"సగమేంటి?" మేస్త్రీ కుర్చీలోంచి సగం లేచాడు. "పూర్తి రేటు. మీ పిన్ని వేణ్ణీళ్ళు ఎన్ని వాడిందో నీకు తెలుసా? రోజుకి రెండు దుప్పట్లు మార్చావు. ఆ ఉతుకుడు కూడా కలపండమ్మగారూ."

"ఉతుకుడు నా దుకాణంలో మేడమ్, దానికి రేటేంటి? ఆయన చేసిన గచ్చు చూడండి, ఇప్పటికీ చుక్క నీరు నిలవదు. అంత పనికి..."

"నీ గది అంతకంటే మంచిది."

"నీ పని నా గదికంటే మంచిది బాబాయ్, నోరు మూసుకో."

ఆడిటరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నది. "ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదుటివాడి సరుకు ధర పెంచే బేరం ఇదే చూడ్డం. మీ మర్యాదలు నాకక్కరలేదు. ఆ రోజుల్లో, అన్నాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర నిజంగా ఎంత తీసుకున్నావో అది చెప్పు."

దుప్పట్లక్క తల వంచి ఆలోచించింది. "వారం దాటితే మూడో వంతు తగ్గించేదాన్ని. అందరికీ."

"అందరికీనా?" అన్నాడు మేస్త్రీ.

"అందరికీ. యాప్‌లో కూడా అట్లాగే ఉంటుంది. చూసుకో."

"అందరికీ ఇచ్చే తగ్గింపే అయితే సరే," అని ఆయన కుర్చీలో వెనక్కి జరిగి, ఆస్పత్రి ఫైలు బల్లమీద పెట్టాడు. ఏయే వారాల్లో మందు ఎక్కించారో అందులో ఉంది. ఆడిటరమ్మ ఒక్కొక్క కాగితం తిప్పుతూ రాసుకుంటుంటే ఆయన అటు చూడకుండా కిటికీలోంచి కిందికి, దొంతర్లుగా పేర్చిన టైర్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

డ్రైవరుకు సంగతి తెలిసినప్పుడు మొదట చిరాకుపడ్డాడు. "పోయినదాన్ని తవ్వి వడ్డీ కట్టేవాళ్ళని నిన్నే చూశా." తరవాత బూటు లేసు విప్పుతూ, "ఆ పిన్ని నా బస్సెక్కినా ఊరికే వచ్చేది కాదు, చిల్లరతో సహా ఇచ్చి టికెట్టు కొనేది," అన్నాడు. అంతకు మించి ఆ విషయంలో ఎదురు చెప్పలేదు.

ఆఫీసునుంచి ప్రశ్నలు వచ్చాయి. మేస్త్రీ ఒకసారి వెళ్ళి జవాబు చెప్పివచ్చాడు. ఆ అధికారి బల్ల మాత్రం మట్టంగానే ఉందట. వానలు వెనకబట్టే ముందు వాళ్ళు లెక్క ఒప్పుకున్నారు. పళ్ళ డాక్టరుకు ఇల్లు రిజిస్టరు చేసిన వారంలోనే పెద్దాయన దుకాణం దస్తావేజు దుప్పట్లక్క చేతిలో పెట్టాడు. పన్నుకని పక్కన పెట్టినది పోగా, దుకాణం ధరకు సరిగ్గా సరిపోయింది. కొత్త యంత్రం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇల్లు అప్పగించే ముందు పళ్ళ డాక్టరు ఒక్కటి అడిగాడు. వాలుదారి ఉంచమన్నాడు, స్నానాలగదిలో ఎక్స్‌రే మిషను పెట్టుకోవాలి కాబట్టి కడ్డీలు తీయించమన్నాడు. ఎవరో కుర్రవాణ్ణి పిలిచి పీకించవచ్చు. దుప్పట్లక్క మేస్త్రీకే కబురు చేసింది.

ఆయన తన చేత్తో పెట్టిన కడ్డీలను తన చేత్తో విప్పాడు. టైలు ఒక్కటి పగలలేదు. చిల్లులు పూడ్చి, తడిగుడ్డతో తుడిచి, తలుపు దగ్గర నిలబడి లోపలికి ఒకసారి చూశాడు. తరవాత జేబులోంచి కొత్త బిల్లు పుస్తకం తీశాడు.

"కడ్డీలు విప్పిన కూలి. సంతకం పెట్టి, తేదీతో సహా రాశాను. డబ్బు తియ్యి. మీ ఆడిటరమ్మతో మాటలు పడలేను."

ఆమె నవ్వుతూ డబ్బు ఇచ్చింది. రెండు కడ్డీలు ఆయన ఇంటికి పట్టుకుపోతానన్నాడు. మూడోది లాండ్రీ మెట్టు పక్కన బిగించమని ఆమె అడిగింది; రోగుల బంధువుల్లో ముసలివాళ్ళు ఆ ఎత్తు మెట్టు దగ్గర తడబడుతుంటారు. దాన్ని కూడా ఆయన అదే ఎత్తున పెట్టాడు. కొలవలేదు, మోచెయ్యి మడిచి గాలిలో ఒకసారి చూసుకున్నాడు, అంతే. "దీనికి బిల్లొద్దులే," అన్నాడు.

"రాయి బాబాయ్. దుకాణం ఇప్పుడు నాది. కొత్తగా కలిపింది కొన్న ధరలో చేరుతుంది."

"అప్పుడే అమ్మే ఆలోచనా?"

"చచ్చేదాకా అమ్మను. అయినా రాయి."

ఆయన గొణుక్కుంటూ రాస్తుండగా వెనక గదిలో యంత్రం చివరి చుట్లు అందుకున్నది. గోడమీద తాళంచెవుల మేకు, ఇప్పుడు ఖాళీ మేకు, టకటక ఆడింది. మేస్త్రీ ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు.

"అదేంటమ్మా అట్లా గంతులేస్తోంది?"

"మా అత్తగారంటాను దాన్ని. దాని గుణమే అంత బాబాయ్. మార్చాల్సిందే, ఇప్పట్లో మార్చలేం."

ఆయన యంత్రం ఆగేదాకా ఆగి, మట్టపు బద్ద దాని నెత్తిన పెట్టాడు. బుడగ ఒక మూలకు పరుగెత్తింది. వంగి గచ్చు చూశాడు, వెనక కాలి కింద వేలు పెట్టి చూశాడు. సంచిలోంచి రేకుముక్క తీసి, మడిచి, ఆ కాలి కిందికి తోశాడు. మళ్ళీ బద్ద పెట్టాడు. బుడగ కాస్త తచ్చాడి, మధ్యలో నిలబడింది.

"తిప్పు."

దుప్పట్లక్క మీట తిప్పింది. యంత్రం నీళ్ళు నింపుకున్నది, తిరిగింది, వేగం అందుకున్నది. ఉన్నచోటే ఉండి, సన్నగా హుమ్మన్నది.

ఆమె నడుం మీద చేతులు వేసుకుని చాలాసేపు దానికేసి చూసింది. "ఇంతకాలం దాన్ని ఆడిపోసుకున్నాను. కాలి కింద నేలే వాలి ఉందన్నమాట."

"అత్తగారికి సారీ చెప్పుకో," అన్నాడు మేస్త్రీ, బిల్లు పుస్తకంలో ఇంకో కాగితం తిప్పుతూ. "రేకుముక్క ఒకటి. కూలి వేరే. ఇది మరమ్మతు కింద రాయనా, కొత్తగా కలిపినదని రాయనా?"